సొప్పు కట్టలో సీసం.. లెక్క ఎవరిది?

● బెంగళూరు మురుగుకు దిగువన కోలారు, హోసూరు
● కడిగితే పోయేది కొంతే
● పొలం గట్టు దగ్గరే ఆగిపోతున్న ఆహార చట్టం

రాగిముద్దలోకి సొప్పు సారు లేనిదే కోలారు జిల్లా తెలుగిళ్లలో పూట గడవదు. హోసూరు వైపు దాన్నే కీరై అంటారు. పేరు ఏదైనా పళ్లెంలోకి వచ్చేది తోటకూర, పాలకూర, మెంతి, కొత్తిమీరే. చవకగా దొరుకుతుంది, రక్తం పడుతుందని డాక్టర్లూ తినమంటారు. ఇప్పుడు అనుమానమంతా ఆ కట్ట ఏ నీటితో పెరిగిందన్న దాని మీదే.

బెంగళూరు కూరగాయల్లో సీసం, కాడ్మియం, నికెల్ వంటి భారలోహాలు పరిమితికి మించి ఉన్నాయని 2023లో కర్ణాటక ప్రభుత్వ పరిశోధన సంస్థ 'ఎంప్రి' బయటపెట్టింది. నగరంలోని దుకాణాల నుంచి పది రకాల కూరగాయలు తెచ్చి పరీక్షించింది. సేంద్రియమని బోర్డు పెట్టుకున్న అంగళ్ల సరుకూ ఇందుకు మినహాయింపు కాలేదు. విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఇది నగరవాసుల గొడవే కదా అని సరిహద్దు జిల్లాలు ఊరుకోడానికి లేదు. నగరం వదిలిన నీళ్లు చేరేది ఇటే.

రెండు దారులు

బెంగళూరు ఆగ్నేయ భాగం మురుగు బెళ్ళందూరు, వర్తూరు చెరువులకు చేరుతుంది. నురుగు రోడ్డెక్కిందీ, 2015, 2017 సంవత్సరాల్లో చెరువు మీద మంటలు లేచిందీ ఇక్కడే. వర్తూరు నిండి పొర్లితే నీళ్లు దక్షిణ పినాకినిలో కలుస్తాయి. ఆ నది తమిళనాడులో అడుగుపెట్టగానే హోసూరు దగ్గర కెలవరపల్లి డ్యాం. వానలు పడి గేట్లెత్తినప్పుడల్లా అక్కడ తెల్లటి నురుగు గుట్టలు లేవడం మామూలైపోయింది. ఆ డ్యాం కిందే పొలాలున్నాయి.

రెండో దారి పైపులైను. కోరమంగళ-చల్లఘట్ట లోయ (కేసీ వ్యాలీ) పథకం కింద రోజుకు 44 కోట్ల లీటర్ల శుద్ధి చేసిన మురుగునీటిని కోలారు చెరువులకు మళ్లించాలని నిర్ణయించారు. తొలి విడతలో 126 చెరువులు. 2018 జూన్‌లో లక్ష్మీసాగర చెరువుకు నీళ్లొచ్చాయి. కొద్ది వారాల్లోనే నురుగు కూడా వచ్చింది. వ్యవహారం కోర్టుకెక్కి పంపింగ్ ఆగింది, మళ్లీ మొదలైంది. చిక్కబళ్లాపురం వైపు హెబ్బాళ-నాగవార లోయ పథకమూ ఇదే పద్ధతి.

మేలు జరగలేదని ఎవరూ అనలేరు. వెయ్యి అడుగులు తవ్వినా నీళ్లు పడని నేల అది. పడిన చోట ఫ్లోరైడు. చెరువులు నిండాక భూగర్భజలం పైకొచ్చింది, ఎండిన బోర్లు మళ్లీ పోశాయి. చెరువు నీటిని నేరుగా పొలానికి తోడకూడదని, భూమిలోకి ఇంకి వచ్చిన నీటినే వాడాలని ప్రభుత్వం చెబుతోంది. నేల పొరలే వడపోస్తాయన్నది అధికారుల ధీమా. నీళ్లు వచ్చాయి సరే, అవి ఎలాంటి నీళ్లన్నదే తేలాలి.

మూడో మెట్టు ఏదీ?

మురుగుశుద్ధిలో మొదటి మెట్టు మడ్డిని అడుగుకు దించడం. రెండో మెట్టు బాక్టీరియా చేత కుళ్లు పదార్థాన్ని తినిపించడం. కోలారుకు పోయే నీళ్లు ఈ రెండు మెట్లే ఎక్కాయి. బాక్టీరియా మలినాన్ని తింటుంది గానీ లోహాన్ని తినదు. లోహంలో కొంత మడ్డితో పోతే, మిగతాది నీళ్లతో ముందుకు సాగుతుంది. ఆ మడ్డిని ఎరువుగా తోలితే అదీ పొలానికే చేరుతుంది. అందుకే మూడో మెట్టు శుద్ధి కావాలని కోలారులో ఉద్యమకారులు మొదట్నుంచీ పట్టుబడుతున్నారు.

ఇళ్ల మురుగులో లోహాలు తక్కువే. లోహపు పూత పనులు, బ్యాటరీ పనులు, అద్దకాల వంటి చిన్నా పెద్దా షెడ్ల నీళ్లు అందులో కలిసినప్పుడే ముప్పు. షెడ్డు గుమ్మంలోనే ఆపితే ఖర్చు తక్కువ. చెరువులో కలిశాక తీయడం ఎవరి తరమూ కాదు. లోహం కుళ్లదు, ఆవిరి కాదు. ఏటేటా మట్టిలో పేరుకుంటుంది.

ఆకులోకి ఎక్కేదెలా?

అన్ని లోహాలూ ఒకేలా పాకవు. సీసం ఎక్కువగా వేళ్ల దగ్గరే ఆగుతుంది. ఆకు మీద కనిపించే సీసంలో చాలావరకు దుమ్ము, మట్టి. దాన్ని నీళ్లతో కడగొచ్చు. కాడ్మియం అలా కాదు. వేరు నుంచి ఆకులోకి సులువుగా ఎక్కేస్తుంది. ఉప్పునీళ్లలో నానబెట్టినా, పసుపు నీళ్లలో ముంచినా అది పోదు. ఆకుకూరలు, దుంపలు ఎక్కువగా పీల్చుకుంటాయి. టమాటా, చిక్కుడు లాంటి కాయల్లోకి చేరేది తక్కువ. కోలారు టమాటా రైతు కొంత ఊపిరి పీల్చుకోవచ్చు గానీ సొప్పు పండించే రైతుకు ఆ ధీమా లేదు.

ఆకుకూరల్లో కిలోకు సీసం 0.3 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.2 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. ల్యాబ్‌కు పంపితేనే బయటపడుతుంది.

ఒంట్లో చేరాక..

ఇంత సీసమైతే ఫర్వాలేదన్న మాటే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. పెద్దవాళ్ల కంటే పిల్లల ఒంట్లోకి నాలుగైదు రెట్లు ఎక్కువ ఎక్కుతుంది. చదువు మందగిస్తుంది, చురుకు తగ్గుతుంది. ఎముకల్లో దాక్కున్న సీసం, తల్లి గర్భంతో ఉన్నప్పుడు మళ్లీ రక్తంలోకి దిగి కడుపులో బిడ్డకు చేరుతుంది.

కాడ్మియం మూత్రపిండాల్లో తిష్ఠ వేస్తుంది. పది, ఇరవై ఏళ్లయినా వదలదు. జపాన్‌లో జింజూ నది ఎగువన గని వదిలిన కాడ్మియం వరి మళ్లకు చేరి, ఆ బియ్యం తిన్న ఆడవాళ్ల ఎముకలు పెళుసెక్కి విరిగాయి. 'అబ్బా నొప్పి' అన్న అర్థం వచ్చే 'ఇతాయి ఇతాయి' అనే పేరే ఆ జబ్బుకు నిలిచింది. కాలుష్యం వల్ల వచ్చిన జబ్బేనని 1968లో అక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. అది గని పక్క ఊళ్ల కథ, మోతాదు చాలా ఎక్కువ. ఇక్కడ అంత ఉందని ఎవరూ అనడం లేదు. పొలం నీటిని పట్టించుకోకపోతే తినేవాళ్లు ఏళ్ల తర్వాత మూల్యం చెల్లిస్తారన్నది మాత్రం అక్కడ రుజువైంది.

మరో మెలిక ఉంది. ఒంట్లో ఇనుము తక్కువైతే పేగులు కాడ్మియాన్నీ, సీసాన్నీ ఎక్కువగా పీల్చుకుంటాయి. అంటే రక్తహీనత ఉన్న ఆడవాళ్లకూ, పిల్లలకూ ముప్పు ఎక్కువ. భయపడి ఆకుకూర మానేస్తే ఆ రక్తహీనతే ముదురుతుంది. మానేయడం మందు కాదు.

నూడుల్స్‌కో న్యాయం, సొప్పుకో న్యాయమా?

2015లో నూడుల్స్ ప్యాకెట్లలో సీసం ఉందంటూ దేశమంతా గగ్గోలు పుట్టింది. రాత్రికి రాత్రి సరుకు వెనక్కి పోయింది. ఆ నిషేధాన్ని అదే ఏడాది బొంబాయి హైకోర్టు కొట్టేసింది కూడా. ప్యాకెట్ మీద కంపెనీ పేరుంది, బ్యాచ్ నంబరుంది కాబట్టి అంత దుమారం రేగింది. సొప్పు కట్ట మీద ఏముంది? అరటినార తప్ప.

2006 నాటి ఆహార భద్రత చట్టం రైతుకూ, సాగుకూ, పొలంలోని పంటకూ వర్తించదని 18వ సెక్షన్ చెబుతోంది. పేద రైతును వేధించకూడదన్న ఉద్దేశం మంచిదే. దాంతో పొలంలో ఏం జరిగినా ఆహార అధికారికి సంబంధం లేకుండా పోయింది. నీళ్లు కాలుష్య నియంత్రణ మండలివి, చెరువు చిన్న నీటిపారుదల శాఖది, పైరు వ్యవసాయ శాఖది, సంత ఆహార భద్రత శాఖది. పినాకిని హద్దు దాటగానే రాష్ట్రమే మారిపోతుంది. తినే మనిషి ఒక్కడే, జవాబు చెప్పేవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఇంట్లో చేయగలిగింది

ఆకుకూరను రెండు మూడు నీళ్లలో కడిగితే మట్టితో పాటు సీసమూ కొంత పోతుంది. దుంపలకు చెక్కు తీయాలి. రోజూ ఒకే చోట ఒకే ఆకు కొనకుండా మార్చి మార్చి తినాలి. పప్పు, రాగి, నిమ్మకాయ వంటివి పళ్లెంలో ఉంటే ఇనుము, కాల్షియం అంది లోహాల జోరు తగ్గుతుంది. మరీ మెరిసిపోయే పసుపును నమ్మకూడదు, రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపే మోసం ఉంది. రసం కాచే ఈయ చెంబు కొనేటప్పుడు అది అచ్చమైన తగరమో, సీసం కలిసిందో అడిగి తెలుసుకోవాలి.

ఇవన్నీ ముప్పును తగ్గించేవే గానీ తీసేసేవి కావు.

అడగాల్సింది ఎవర్ని?

కోలారు పంట విషమని ఇప్పుడే తీర్పు చెప్పేస్తే నష్టపోయేది రైతే. పరీక్ష లేకుండా అంతా బాగుందనడమూ అన్యాయమే. చెరువుల నీళ్లు, అడుగు మట్టి, చుట్టుపక్కల బోర్లు, పండిన ఆకుకూర.. ఈ నాలుగింటినీ ఏటా పరీక్షించి ఫలితాలను పంచాయతీ గోడ మీద తెలుగు, కన్నడ, తమిళాల్లో అంటించాలి. కెలవరపల్లి లెక్కలు కర్ణాటకకూ, వర్తూరు లెక్కలు తమిళనాడుకూ అందాలి. లోహం ఎక్కువున్న పొలంలో ఆకుకూరకు బదులు పూలో, మల్బరీయో వేసుకునేలా రైతుకు సాయం చేయాలి.

మూలం దగ్గర పట్టుకుంటే ఫలితం ఉంటుందనడానికి బంగ్లాదేశే సాక్ష్యం. అక్కడ 2019లో పసుపు నమూనాల్లో 47 శాతం సీసంతో దొరికాయి. టోకు మార్కెట్లలో యంత్రాలతో తనిఖీలు, జరిమానాలు, ప్రచారం జరిగాక 2021 నాటికి అది సున్నాకు వచ్చింది.

కొనుగోలుదారు చేతిలోనూ ఓ అస్త్రముంది. అదే చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం, కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పి, ఫీజు కట్టి సరుకును పరీక్షకు పంపొచ్చు. తప్పు తేలితే ఫీజు వాపసు వస్తుంది. ఒక్కో ఇల్లూ చేయడం కష్టం. మహిళా సంఘాలో, అపార్టుమెంటు సంఘాలో కలిసి చేస్తే పెద్ద భారం కాదు. నాలుగు కట్టల రిపోర్టు చేతిలో ఉంటే అప్పుడు అధికారుల దగ్గరకు వెళ్లి అడిగే మాటకు బలం ఉంటుంది.