గిన్నెకు పోయే చీర, బొంతకు మిగిలే చీర

'పాత చీరలకు స్టీలు సామాన్లూ...' అన్న కేక వీధిలో వినపడితే చాలు, బీరువా తలుపులు తెరుచుకుంటాయి. బేరం ఏ ఊళ్లోనైనా ఇంచుమించు ఒకటే. ''ఈ డబ్బాకు ఇంగో రెండు చీరలు పడతాయక్కా'' అంటాడతను. ''ఇంగో రెండా! న్యాయంగా చెప్పన్నా'' అని గదమాయిస్తూనే లోపలికెళ్లి ఇంకోటి తెస్తాం. ఆ తెచ్చేది ఏ చీరో ఎప్పుడైనా గమనించారా? వెలిసిపోయి, ఉతికి ఉతికి దూదిలా మెత్తబడిన నేతచీర. జిగేల్మనే సింథటిక్ చీర మాత్రం 'ఇంకా బాగానే ఉందిలే' అని బీరువాలోనే ఉండిపోతుంది. చివరికి ఇంట్లో ఎవరో చంటిబిడ్డకు బొంత కుట్టిద్దామంటారు. అప్పుడు చూస్తే పనికొచ్చే బట్ట ఒక్కటీ ఉండదు. డబ్బా మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది.

బొంత అంటే పట్నంలో చాలామందికి అమ్మమ్మ జ్ఞాపకం. కోసిగి వైపు అది జ్ఞాపకం కాదు, ఈ ఏడాది అవసరం. కర్నూలు జిల్లా పడమటి కొసన, ఆదోని నుంచి మంత్రాలయం రోడ్డుకు వెళ్లే రైలుదారిలో ఉంది కోసిగి. వానను నమ్ముకున్న సేద్యం. ఊళ్లో పనులు తగ్గాక ఎన్నో కుటుంబాలు ఇంటికి తాళం పెట్టి, పత్తి తీయడానికీ మిరపకాయలు కోయడానికీ గుంటూరు వైపు పోతాయి. కొందరు బెంగళూరు, హైదరాబాద్, ముంబయి బాట పడతారు. దీన్ని ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం, సంబరాల కాలం. సరిహద్దు ఇవతల ఆ మాట వలసకు పేరైంది.

సుగ్గికి కట్టే మూటలో గిన్నెలు, గింజలతో పాటు బొంతలుంటాయి. పొలం పక్కన గుడారంలో, జనవరి చలిలో, ఆ బొంతే పరుపు, దుప్పటి. పగలు చెట్టు కింద పసిపిల్లను పడుకోబెట్టేదీ దాని మీదే. అలాంటి బొంతకు ఏ బట్ట పడితే ఆ బట్ట వేస్తే సరిపోదు.

సింథటిక్ చీర బొంతలో పొర మీద పొర నిలవదు, జారుతుంది. చెమట పీల్చదు. అన్నిటికన్నా ముఖ్యం, మూడు రాళ్ల పొయ్యి పక్కన పడుకునేచోట దాని మీద నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. నూలుబట్ట అంటుకోదని కాదు, అంటుకుంటుంది. కానీ చర్మాన్ని పట్టుకుని వదలకపోవడమన్నది దానికి లేదు. కాబట్టి మూట కట్టేముందు ఒక చిన్న పరీక్ష. చీర అంచు నుంచి ఒక పోగు లాగి, పళ్లెం మీద పట్టుకుని అగ్గిపుల్లతో కాల్చండి. కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలితే నూలు. ముడుచుకుని, కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగిలితే సింథటిక్. రెండూ కనపడితే కలనేత. అలాంటిది పైన వేసే ముక్కలకు వాడకుండా, సంచులు కుట్టుకోవడానికి ఉంచుకోండి. స్టీలు సామాన్ల అన్నకు ఇవ్వాల్సింది కరిగిన చీరనే. అతను రెండు మాటలంటాడు, పడదాం.

ఇక ఎంత బట్ట దాచాలి? అదిగో, అక్కడే మన ఆడవాళ్లకు అంతు తెలియదు. అమెరికాలో బొంతలు కుట్టడం సరదాగా పెట్టుకున్నవాళ్లు ఇలా కూడబెట్టిన బట్టల గుట్టకు 'స్టాష్' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. కొత్త బట్ట కొని, అరల్లో రంగుల వారీగా పేర్చి, వాటిని కుట్టేది ఎప్పుడో తెలియక నవ్వుకుంటుంటారు. అదే దేశంలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే ఊరుంది. పత్తిచేలల్లో పనిచేసిన నల్లజాతి కుటుంబాల ఊరు. అక్కడి ఆడవాళ్లకు కొత్తబట్ట కొనే స్తోమత లేదు. చిరిగిన పనిబట్టలు, మోకాళ్ల దగ్గర అరిగిన ప్యాంట్లు చించి చలికి బొంతలు కుట్టుకున్నారు. ఆ బొంతలనే 2002లో హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియాల్లో గోడలకు తగిలించి చూపించారు. 2006లో తపాలా బిళ్లల మీదా అచ్చేశారు. పత్తి తీసే చేతులు, పాతబట్ట, చలి. కోసిగికి దగ్గరి చుట్టం ఆ జీస్ బెండే గానీ, అరల్లో పేర్చుకునే స్టాష్ కాదు.

లెక్కకొద్దాం. మామూలు చీర ఐదున్నర మీటర్లు, పన్నా మీటరుకు కాస్త ఎక్కువ. దాన్ని పొడవునా మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కొంచెం తక్కువ వెడల్పుతో మూడు పొరలవుతుంది. అంటే ఒక మనిషి బొంతకు 2 చీరలు వేస్తే 6 పొరలు. ఇద్దరు పడుకునే బొంతకు పక్కపక్కన అతికి 4 చీరలు. పైన రంగురంగుల ముక్కలు పరిస్తే అది అదనం. ఇంతకు మించి వేస్తే సూది దిగదు. పైగా నేతచీర ఒక్కోటి అరకిలో అటూఇటూ తూగుతుంది, తడిస్తే మరీ బరువు. నీళ్లు బిందెలతో మోసుకునే ఊళ్లో పది చీరల బొంతను ఎవరు ఉతుకుతారు? ఇంట్లో ఎంతమందికి ఎన్ని బొంతలు కావాలో అనుకుని, దానికి సరిపడా మూట కట్టుకుంటే చాలు. మిగిలింది ఎవరికన్నా ఇస్తే వాళ్ల పిల్లలు వెచ్చగా పడుకుంటారు.

మూట ఒకటి కాదు, మూడు కట్టండి. మొదటిది పొరల మూట. పాత చీరలు, పంచెలు, లుంగీలు, చిరిగిన నూలు దుప్పట్లు. పక్కనే ఉన్న ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేతకారుల సహకార సంఘం పెట్టిన నాటి నుంచి ఆ మగ్గాల బట్ట ఈ ప్రాంతమంతా తెలుసు. అరిగిన చేనేత దుప్పటి కన్నా మంచి లోపొర దొరకదు. రెండోది ముక్కల మూట. దర్జీ దగ్గర మిగిలే కత్తిరింపులు, పిల్లల పాత గౌన్లు, కొనాలనుకుంటే కట్‌పీసులు. దర్జీని ఊరికే అడిగితే ఇస్తాడు గానీ జాకెట్టు ముక్కల్లో సగం లైనింగే వస్తుంది, అది నూలైతే సరే. జేబురుమాలంత కన్నా చిన్న ముక్కలు దాచకండి, అవి ఎలుకలకు పరుపు. మూడోది అంచుల మూట. చీర బాగా చివికినా అంచు గట్టిగా ఉంటుంది. దాన్ని చించి, చుట్టలా చుట్టి పెట్టుకుంటే బొంత చుట్టూ పట్టీ వేయడానికి కొత్తగా ఏమీ కొననక్కర్లేదు. నాకు ఈ మూడో మూటే ఇష్టం. చూడటానికి గాజుల దుకాణంలా ఉంటుంది.

కొత్త బట్ట కొంటే మాత్రం మూటలో వేసేముందే ఒకసారి నానబెట్టి ఆరేయాలి. లేకపోతే బొంత తొలిసారి ఉతికినప్పుడు కొత్త ముక్క కుంచించుకుపోయి పాతదాన్ని లాగుతుంది, కుట్టు దగ్గర చినుగుతుంది. ఎరుపు, ముదురు నీలం ముక్కలను తడిపి, తెల్లబట్ట మధ్య పెట్టి నొక్కి చూడండి. రంగు అంటితే అంటనంతవరకూ ఉతకాలి. ఉప్పునీళ్లలో వేస్తే రంగు నిలుస్తుందన్నది పాత నమ్మకం. కొన్న బట్ట విషయంలో దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

దాచేటప్పుడు గంజి పెద్ద శత్రువు. పుస్తకాల్లో కనిపించే వెండిరంగు పురుగు గంజి కోసమే బట్టను కొరుకుతుంది. చీర అయినా పంచె అయినా గంజి పూర్తిగా పోయేలా ఉతికి, నీడలో ఆరేసి, చెమ్మ లేకుండా మూట కట్టాలి. మన ఎండలో గంటలతరబడి వేలాడదీస్తే రంగుతోపాటు పోగు బలమూ పోతుంది. మూటకు ప్లాస్టిక్ సంచి వద్దు, పాత పంచె చాలు. మట్టి మిద్దెల్లో చెదల భయం ఉంటుంది కాబట్టి ట్రంకుపెట్టె కింద నాలుగు రాళ్లు పెట్టి, గోడకు ఆనకుండా జరపండి. ఎండిన వేపాకు సంచీలో కట్టి లోపల పడేయండి. మూడు నాలుగు నెలలకోసారి మూట విప్పి మడతలు మార్చితే, మడత గీతల వెంట బట్ట చీలదు. అన్నట్టు, జరీ అంచులను నూలుతో కలిపి ఉంచకండి. బొంతకు ఎలాగూ అవి గుచ్చుకుంటాయి.

కలరా ఉండల సంగతి విడిగా చెప్పాలి. పసిబిడ్డ బొంతకు దాచే బట్టలో అవి వేయనే వేయవద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టే పిల్లలు కొందరుంటారు. ఉండలతో దాచిన బట్టల్లో చుట్టినప్పుడు వాళ్ల రక్తకణాలు విచ్ఛిన్నమై కామెర్లు రావడం వైద్యులు చూసిన విషయమే. ఏ బిడ్డకు ఆ లోపముందో మనకు ముందుగా తెలియదు. ఇప్పటికే ఉండలతో దాచిన బట్ట ఉంటే ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా రోజుల తరబడి గాలికి ఆరేయాలి. వాసన పోకపోతే అది పెద్దల బొంతకు పోవాలి.

కుట్టేవాళ్లు దొరకడం మరో కష్టం. ఇంటింటికీ వచ్చి, వసారాలో చాప వేసుకుని బొంత కుట్టిపెట్టే ఆడవాళ్లు తగ్గిపోయారు. వచ్చినప్పుడు మూటలు సిద్ధంగా ఉంటే రెండు రోజుల పని ఒక రోజులో తెమలుతుంది. వాళ్లు చీరలు ఏరుకుంటూ కూర్చోనక్కర్లేదు. సాదా కుట్టే అయినా వరసలు దగ్గరగా ఉంటేనే పొరలు కదలవు. కూలి మాట్లాడేటప్పుడు బొంత సైజు మాత్రమే కాదు, వరసల మధ్య ఎన్ని వేళ్ల దూరమో కూడా చెప్పండి. రెండు వేళ్ల దూరానికీ నాలుగు వేళ్ల దూరానికీ శ్రమ రెండింతల తేడా. డబ్బులూ అలాగే ఇవ్వాలి.

సుగ్గికి పోయే ఇంట్లో మాత్రం ఇంకొక చిన్న పొట్లం కట్టాలి. నాలుగు ముక్కలు, ఒక చుట్ట అంచు, గట్టి నూలుదారం ఉండ, అందులో గుచ్చిన పెద్ద సూది. ఎక్కడో చేను గట్టున బొంత చిరిగితే ఊరికి తిరిగొచ్చేదాకా ఆగనక్కర్లేదు. సూదికి తుప్పు పట్టకుండా చిన్న గుడ్డముక్కకు నూనె రాసి చుట్టి పెట్టండి.