ముందు డ్రైవర్‌కు మంచం, ఆ తర్వాతే రూట్ మ్యాప్

కార్తీక మాసం మొదలుకొని సంక్రాంతి దాకా అరకు, లంబసింగి దారుల్లో బండ్లు బారులు తీరతాయి. కొండ మీద మంచు చూసి, అడవి గుండా దిగి, గోదావరి దాటి, అంతర్వేదిలో సముద్ర స్నానం చేసి రావాలని మా చుట్టాల్లోనే ఏటా ఎవరో ఒకరు బయల్దేరుతుంటారు. వెళ్లాల్సిన దారే. ఆర్టీసీలో ఘాట్ సర్వీసులు నడిపి రిటైరైనవాణ్ణి కాబట్టి, బయల్దేరేముందు తమ ప్లాన్ నాకు చూపిస్తారు. ఎక్కడ టిఫిను, ఎక్కడ ఫొటోలు, ఏ రిసార్టులో బస, అన్నీ రాసుకుంటారు. బండి నడిపే మనిషి ఎప్పుడు నిద్రపోతాడు, ఎక్కడ నిద్రపోతాడు అన్నది మాత్రం రాసుకోరు. దూర ప్రయాణానికి ప్లాన్ వేసేవాళ్లు మొట్టమొదట తేల్చుకోవాల్సింది అదేనని నా గట్టి అభిప్రాయం.

మొన్న మా అన్నయ్య కూతురు హైదరాబాద్ నుంచి తన ప్లాన్ పంపింది. రెండు కుటుంబాలు, ఒక అద్దె టెంపో ట్రావెలర్. రాత్రంతా నడిపి తెల్లారేసరికి విశాఖ చేరడం, ఆ పూటే అరకు ఎక్కడం, మర్నాడు వేకువన వంజంగి, మధ్యాహ్నం లంబసింగి, రాత్రికి రాజమహేంద్రవరం, మూడో రోజు అంతర్వేది, అట్నుంచి అటే మళ్లీ రాత్రి ప్రయాణం.

“డ్రైవర్ ఎక్కడ పడుకుంటాడమ్మా?” అని అడిగాను.

“బండిలోనే పడుకుంటాడట బాబాయ్. రూమ్ అక్కర్లేదని ఆయనే అన్నాడు” అంది.

అక్కర్లేదని ఆయన ఎందుకంటాడో నాకు తెలుసు. రూమ్ అడిగితే మళ్లీ ట్రిప్పుకి ఇంకో బండి మాట్లాడుకుంటారేమోనని భయం. బత్తా డబ్బులు నాలుగు మిగిల్చి ఇంటికి పంపుకోవాలని ఆశ. మన్యం చలిలో సీటు వెనక్కి వాల్చి, కాళ్లు ముడుచుకుని పడుకోవడమంటే ఏమిటో పడుకున్నవాడికే తెలుస్తుంది. అద్దాలు మూస్తే ఊపిరాడదు, దించితే ఎముకలు కొరుకుతుంది. అలాంటి రాత్రి తర్వాత పొద్దున్నే తన పిల్లలతో సహా పదిమంది ప్రాణాలు ఆ మనిషి చేతిలో పెట్టి, దారి పొడవునా మలుపులున్న ఘాట్ దిగమంటోంది మా అమ్మాయి.

డ్రైవర్ విశ్రాంతి దయ చూపించే విషయం కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించకూడదని చెప్పింది. ఐదు గంటలు దాటకముందే కనీసం అరగంట విరామం ఇవ్వాలంది. అయితే ఆ చట్టం ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించేది. సొంతంగా ఒక్క బండి కొనుక్కుని అప్పు తీర్చుకుంటూ నడుపుకునేవాడు దాని పరిధిలోకి వచ్చేవాడు కాదు. అతని పని గంటలు అడిగే డిపో మేనేజర్ లేడు, లాగ్ షీట్ లేదు. కాబట్టి బండి మాట్లాడుకున్న కుటుంబమే ఆ పని గంటల లెక్కను పాటించాలి. సొంత కారు తోలుకుంటూ వెళ్లే అల్లుళ్లకీ కొడుకులకీ ఇదే లెక్క.

ఈ లెక్కతో దారిని చూడండి. విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్ల పైన. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. 2021 ఫిబ్రవరిలో అరకు చూసి తిరిగొస్తున్న హైదరాబాద్ కుటుంబాల బస్సు అనంతగిరి మండలం డముకు దగ్గర చీకటి పడే వేళ లోయలోకి పోయింది. నలుగురు చనిపోయారు. ఆ దారిన నేను ఎవరికి ప్లాన్ చెప్పినా, పొద్దు వాలకముందే ఘాట్ దాటాలని చెబుతాను. హైదరాబాద్ నుంచి రాత్రంతా బండి తోలినవాడు ఆ పగలు విశాఖలో పడుకోవాలి. అరకు ఎక్కడం మర్నాడు పొద్దున.

వంజంగి మేఘాలు చూడాలంటే సూర్యోదయానికి ముందే కొండ మీద ఉండాలి. పాడేరులో బస చేసినా రెండున్నరకో మూడింటికో లేవాలి. మీరు కొండ దిగి, టిఫిన్ చేసి, బండెక్కగానే కునుకు తీస్తారు. స్టీరింగ్ ముందున్నవాడికి కునుకు లేదు. అందుకే వంజంగి చూసిన రోజున ఇంకే పెద్ద పనీ పెట్టుకోకండి. పాడేరు నుంచి చింతపల్లి మీదుగా లంబసింగి 60 కిలోమీటర్లే. డ్రైవర్ మధ్యాహ్నం దాకా పడుకుని లేచాక బయల్దేరినా వెలుతురు ఉండగానే చేరతారు. దారిలో కాఫీ తోటలు, మిరియాల పాదులు తీరిగ్గా చూడొచ్చు కూడా.

లంబసింగి నుంచి దిగేటప్పుడు మా డ్రైవర్ల పాత నియమం ఒకటుంది. ఘాట్‌ను ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగాలి. కాలు అస్తమానం బ్రేకు మీదే ఉంటే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. కింది గేరులో ఇంజనే బండిని ఆపుతూ ఉంటుంది. ఇరుకు చోట ఎదురుపడితే ఎక్కే బండికి దారివ్వాలని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు కూడా చెబుతున్నాయి. వీటిని పాటించడం వచ్చిన డ్రైవరైనా నిద్ర చాలకపోతే మలుపును ఒక్క క్షణం ఆలస్యంగా చూస్తాడు. ఘాట్‌లో ఆ ఒక్క క్షణమే ప్రాణం.

ఈ దారికి ఒక చరిత్ర ఉంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఇక్కడ రోడ్డు పనులు చేయిస్తూ మన్యం జనానికి సరైన కూలి ఇవ్వకపోవడం, అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ఒకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద ఆయన దళం వరుసగా దాడి చేసింది. ఆ మూడు ఊళ్లూ మీరు వెళ్లే దారిలోనే ఉన్నాయి. కృష్ణదేవిపేటలో సమాధి దగ్గర ఆగి, ఆ కథ పిల్లలకు చెప్పండి. కష్టం చేసేవాడికి న్యాయంగా ఇవ్వాల్సింది ఇవ్వాలన్న పాఠం అందులో ఉంది. దాన్ని మన బండి నడిపేవాడి విషయంలో అదే రోజు పాటించి చూపిస్తే పిల్లలు జీవితాంతం గుర్తుంచుకుంటారు.

రాజవొమ్మంగి, అడ్డతీగల, రంపచోడవరం మధ్య అడవి దారి. పశువులు రోడ్డు మీదే పడుకుంటాయి, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల దొరకదు. ఆయిల్ ముందే నింపుకోవాలి. ఆడవాళ్లకు మరుగుదొడ్డి దొరికే ఊళ్లేవో ముందే కనుక్కుని పెట్టుకోవాలి. లంబసింగి నుంచి పొద్దున్నే బయల్దేరితే చీకటి పడకముందే ఈ భాగం దాటి రాజమహేంద్రవరం చేరవచ్చు. అక్కడ ఒక రాత్రి నిద్ర, మర్నాడు పొద్దున 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట చరిత్ర, కాటన్ మ్యూజియం. డ్రైవర్ ఇంకో గంట పడుకుంటాడు.

కొండ దిగేశాం కదా, ఇక భయం లేదనుకుంటారు చాలామంది. మైదానంలో పొంచి ఉన్నది నిద్ర. ఘాట్‌లో ప్రతి మలుపూ మనిషిని మేల్కొలుపుతుంది. నున్నటి హైవే మీద అలా లేపేదేమీ లేదు. రావులపాలెం దగ్గర హైవే వదిలి కోనసీమలోకి దిగాక ఇంకో రకం జాగ్రత్త కావాలి. ఒక పక్క కాలువ, ఒక పక్క కొబ్బరి తోట, ఎదురుగా కాయల లోడుతో లారీ, పిట్టగోడ లేని గట్టు. రాజోలు, మలికిపురం మీదుగా అంతర్వేది చేరి, నరసింహస్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ గోదావరి కడలిలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు చూశాక ఆ రాత్రికి ఆ పరిసరాల్లోనే ఆగండి. సముద్ర స్నానం చేసి, కడుపునిండా తిని, 400 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని హైదరాబాద్‌కు రాత్రికి రాత్రే బండి కట్టించడం ఈ మొత్తం ప్రయాణంలో అతి ప్రమాదకరమైన నిర్ణయం.

సెలవులు లేవంటారు, ఖర్చు పెరుగుతుందంటారు. రెండూ నిజమే. మూడు రోజులే సెలవుంటే అరకు, పాడేరు చూసి రండి. సముద్రం వచ్చే ఏడాదికి పెట్టుకోండి. చూసే చోట్లు తగ్గించండి, నిద్ర తగ్గించకండి. మా అమ్మాయి రెండు కుటుంబాలతో మాట్లాడి, రాత్రి ప్రయాణాలు తీసేసి, రోజులు పెంచుకుంది. డ్రైవర్ మంచం ఖర్చు అందరికీ పంచితే మనిషికి ఒక పూట భోజనం ధర కూడా పడలేదు.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. అతిథుల డ్రైవర్ల కోసం హోటళ్లు, లాడ్జీలు పడక గదులు, మరుగుదొడ్లు ఏర్పాటు చేయాలని 2023లో తమిళనాడు తన భవన నిబంధనల్లోకి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా అలాంటి నిబంధన తేవాలి. మొదలు ఎక్కడంటే, రెండు రాష్ట్రాల పర్యాటక సంస్థల సొంత హరిత రిసార్టుల్లోనే. ప్రతి రిసార్టులో డ్రైవర్లకు శుభ్రమైన పడక, వేడినీళ్లు, భోజనం ఉన్నాయా లేదా అన్నది బుకింగ్ సమయంలోనే కనపడేలా చూపించాలి. ఘాట్ మొదట్లో బండ్లు ఆపుకుని గంట పడుకునే చోటు, దారిలో ప్రతి 40, 50 కిలోమీటర్లకు ఆడవాళ్లకు మరుగుదొడ్లు కట్టాలి. సీజన్‌లో సాయంత్రం ఘాట్ గేటు దగ్గర డ్రైవర్‌ను లైసెన్సుతో పాటు “రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు?” అని కూడా అడగాలి.

అవన్నీ వచ్చేదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. ఈ సీజన్‌లో రూమ్ కోసం ఫోన్ చేసినప్పుడు ఏసీ ఉందా, వ్యూ బాగుంటుందా అని అడిగేముందే, డ్రైవర్‌కు పడక ఉందా అని అడగండి. లేదంటే ఇంకో హోటల్‌కు చేయండి. పదిమంది అలా అడిగితే, పదకొండో మనిషి అడిగేసరికి ఆ హోటల్లో మంచం పడి ఉంటుంది.