మార్సేయిలో చవక భోజనం

ఫ్రాన్సు దక్షిణ తీరంలోని మార్సేయి నగరంలో కుటుంబసమేతంగా దిగిన మొదటి రోజే మేము పొరపడ్డాము. పడవలు కనిపిస్తాయన్న ముచ్చటతో పాత రేవు ఒడ్డున భోజనానికి కూర్చున్నాము. లెక్క చేతికి వచ్చాక, మిగిలిన రోజులు పిల్లలకు ఏమి పెట్టగలమా అని దిగులు పట్టుకుంది. నీటి సీసాకూ వెల కట్టారు. 'కరాఫ్ దో' అని అడిగితే కుళాయి నీరు ఉచితంగా ఇవ్వాలన్నది అక్కడి చట్టమని తరువాత తెలిసింది.

మరునాడు కనబియేర్ వీధి వెంట పైకి నడిచి నోయాయ్ పేట చేరుకున్నాము. పది నిమిషాల నడక, అంతే. అల్జీరియా, ట్యునీషియా, మొరాకోల నుండి వచ్చినవారి దుకాణాలు, పుదీనా, కొత్తిమీర, జీలకర్ర వాసన! అమ్మకు ప్రాణం లేచి వచ్చింది. అక్కడి చిన్న భోజనశాలల్లో లబ్లబీ దొరుకుతుంది. ఎండు రొట్టె ముక్కలపై ఉడికిన శనగల పులుసు పోసి, జీలకర్ర, హరీసా కారం కలిపి ఇస్తారు. ఒక్క గిన్నెతో కడుపు నిండుతుంది.

ఇతర చోట్ల చేపలే కదా అని ధీమాగా ఉండరాదు. పులుసులో మద్యం పోసే అలవాటున్నది, అడిగి తెలుసుకోవలసిందే. ధరల పట్టిక గుమ్మం బయటనే ఉంటుంది, చదివాకే లోపలికి వెళ్ళవచ్చు. మధ్యాహ్నం రెండు దాటితే చాలా వంటశాలలు మూతపడతాయి.

ప్రసిద్ధమైన బుయ్యబెస్ మాత్రం మేము రుచి చూడలేదు. అమ్ముడుపోని చేపలతో ఒకప్పుడు జాలరులు వండుకున్న పులుసు అది. నేడు ఒక్కరి పళ్ళెం వెలకు మా ఇంటిల్లిపాదికీ లబ్లబీ వచ్చింది.