కిడ్నీ మార్చినా మందు మానరాదు

దిల్‌సుఖ్‌నగర్: మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారికి ఆపరేషన్‌తో వైద్యం ముగియదు. కొత్త మూత్రపిండం పనిచేసినంత కాలం రోజూ వేళకు మందులు వేసుకోవలసిందే. ఒంట్లో బాగుందన్న ధీమాతో మందు మానితే మళ్లీ డయాలిసిస్ పాలయ్యే ప్రమాదం ఉంది. సాగర్ రోడ్డు, విజయవాడ రోడ్డు పల్లెల నుండి వచ్చి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో బస్సు దిగి ఆసుపత్రులకు వెళ్లే రోగులు, వారి కుటుంబాలు గుర్తించవలసిన విషయమిది.

తల్లి ఇచ్చినా పరాయిదే

శరీరం తనది కాని దానిని శత్రువుగా ఎంచి దాడి చేస్తుంది. 1954లో అమెరికాలోని బోస్టన్‌లో జయప్రదమైన తొలి మార్పిడిలో దాత, రోగి ఒకే పోలిక గల కవలలు గనుక ఈ చిక్కు రాలేదు. తక్కినవారికి, కన్నతల్లి ఇచ్చినా సరే, ఈ దాడిని అణచే మందులు తప్పవు. నేడు ఎక్కువ మందికి టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసలోన్ ఇస్తున్నారు. సాధారణంగా వాడే టాక్రోలిమస్‌ను 12 గంటలకొకసారి వేసుకోవాలి. వేళ తప్పితే రక్తంలో మందు తగ్గి, దాడికి సందు దొరుకుతుంది.

మానడానికి కారణాలు

మూత్రపిండం దెబ్బతింటున్నా తరచు నొప్పి తెలియదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరగడమే తొలి గుర్తు. కాళ్లు వాచేసరికి ఆలస్యమవుతుంది. చేతులు వణుకుతున్నాయనో, ముఖం ఉబ్బిందనో కొందరు తమంతట తామే మోతాదు తగ్గిస్తారు. మందులు నిండుకున్నా కూలి పోతుందని ప్రయాణం వాయిదా వేసేవారూ ఉన్నారు. ఎల్బీనగర్ నుండి పంజాగుట్ట నిమ్స్ వైపు 2018 నుండి మెట్రో రైలు నడుస్తున్నా, ఊరి నుండి ఎల్బీనగర్ చేరడానికే ఒక పూట పడుతుంది.

పాటించవలసినవి

మందులు ఇంకా వారం రోజులకు ఉండగానే తిరిగి తెచ్చుకోవాలి. టాక్రోలిమస్ మోతాదు పరీక్షకు వెళ్లే రోజున ఉదయపు మందు వేసుకోకుండా వెంట తీసుకువెళ్లి, రక్తం ఇచ్చిన వెంటనే వేసుకోవాలి. దుకాణంలో వేరే కంపెనీ మందు ఇస్తే డాక్టరును అడగనిదే వాడరాదు. జ్వరానికి, ఒళ్లు నొప్పులకు ఊళ్లో వైద్యం చేయించుకునేటప్పుడు కిడ్నీ మార్చిన సంగతి ముందే చెప్పాలి. కొన్ని నొప్పి మాత్రలు మూత్రపిండాన్ని దెబ్బతీస్తాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ టాక్రోలిమస్ బలాన్ని తగ్గిస్తుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి తెలపాలి.

ఖర్చుకు జంకి మందు మానవలసిన పని లేదు. మార్పిడితోపాటు అనంతర మందులు కూడా ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. అర్హులు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను సంప్రదించవచ్చు.

మన దేశంలో బతికుండగా మూత్రపిండం ఇచ్చేవారిలో తల్లులు, భార్యలే అధికం. వారు ఒకసారి ఇచ్చినదాన్ని మళ్లీ ఇవ్వలేరు. రోగి మరచిన పూట గుర్తుచేసే బాధ్యత ఇంటిల్లిపాదిదీ.