మన పాదాల మాటేమిటి?

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్లు నొప్పి. నాలుగడుగులు వేస్తే సర్దుకుంటోంది కదా అని ఆర్నెల్లు ఊరుకున్నాను. పార్కులో నేను పరుగు మొదలుపెట్టింది మా అబ్బాయి వదిలేసిన పాత బూట్లతో మరి!

మడమ నుంచి వేళ్లదాకా అరికాలి కింద పట్టీలా ఉండే కణజాలం ఒత్తిడికి దెబ్బతిందన్నారు డాక్టరు. రోజూ పిక్కల్ని, అరికాలిని సాగదీసే వ్యాయామం చేయమన్నారు. బూట్లలో అరికాలి వంపుకి ఆనే మెత్తలు వేసుకోమన్నారు. కొలతలిచ్చి చేయించుకునేవి ఖరీదే. కానీ మామూలు మడమ నొప్పికి చాలామందికి రెడీమేడ్ మెత్తలే దాదాపు అంత బాగానూ పనిచేస్తాయి. వాటితో తగ్గకపోతేనే కొలతల సంగతి.

ఇంట్లో అందరి బూట్లకీ డబ్బు తీస్తాం. మన దగ్గరికొచ్చేసరికి 'ఇప్పుడెందుకులే' అంటాం. ఇల్లంతా తిరిగే పాదాలకు ఆ మాత్రం ఖర్చు దుబారా కాదు సుమా!