చిన్న ఇంజన్ల పాలన: విస్తరణ విస్మరించిన పాఠం

గండికోట పరిసర గ్రామాలలో పెద్ద ట్రాక్టరు చెడితే జమ్మలమడుగులోనో, ప్రొద్దుటూరులోనో బాగుచేసేవారు దొరుకుతారు. అది డీజిల్ యంత్రం. దానికి కార్బురేటర్ ఉండదు. చీనీ, నిమ్మ తోటలలోను, పత్తి సాళ్లలోను తిరిగే పెట్రోలు కలుపు యంత్రం మొరాయించినప్పుడే రైతుకు దిక్కు తోచదు.

గత తొలకరిలో అటువంటి యంత్రమొకటి నా ఎదుటకు వచ్చింది. ‘స్టార్టయితాది సార్, చోకు తీస్తానే నిలబడిపోతాది’ అన్నాడు రైతు. రోగ నిర్ణయం ఆ మాటలోనే ఉన్నది. చోకు గాలిని తగ్గించి ఇంధనం పాలు పెంచుతుంది. అది తీయగానే ఇంజన్ ఆగుతున్నదంటే జెట్టు గుండా చాలినంత పెట్రోలు అందడం లేదని తొలుత అనుమానించాలి. సంక్రాంతి తరువాత ట్యాంకులో పెట్రోలు ఉండగానే యంత్రాన్ని వసారాలో నిలిపారు. వేసవి ఎండకు తేలిక భాగం ఆవిరైపోగా ఫ్లోట్ గిన్నె అడుగున గోధుమరంగు జిగురు మిగిలింది.

అంతకుముందే ఎవరో ఉక్కు తీగతో మెయిన్ జెట్టును పొడిచారు. ఇత్తడి మెత్తనిది, రంధ్రం గీసుకుపోయి పెద్దదైతే ఇంధనం అధికమై నల్లపొగ వస్తుంది, ప్లగ్గు మసిబారుతుంది. ఆ జెట్టును ఇక మార్చవలసిందే. కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి, గాలి పీడనంతో ఊదడమే సరైన పద్ధతి. ఫ్లోట్‌ను, రబ్బరు వాషర్లను ముందే వేరుచేయాలి. ఐడిల్ స్క్రూను విప్పేముందు అది ఎన్ని చుట్లు తిరిగిందో రాసిపెట్టుకోవాలి. నీడిల్ వాల్వు కొన అరిగితే గిన్నె పొర్లుతుంది. పాత గాస్కెట్‌ను తిరిగి వాడరాదు. దగ్గరలో బీడీ, పొయ్యి ఉండకూడదని వేరే చెప్పాలా?

ఇథనాల్ మిశ్రమం ఈ సమస్యకు మరొక కోణం చేర్చింది. 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మితిమీరితే నీరు, ఇథనాల్ కలిసి అడుగున వేరుపడతాయి, లోహపు గిన్నె తుప్పు పడుతుంది. ఈ మిశ్రమానికి తగినట్లు తయారుకాని పాత యంత్రాలలో రబ్బరు భాగాలు ఉబ్బడమో, గట్టిపడడమో జరుగుతుంది. ఇథనాల్ విధానం మంచిచెడ్డల చర్చ వేరు. నెలల తరబడి పనిలేక నిలిచే యంత్రానికి మాత్రం పాత అలవాటు పనికిరాదు. సీజను ముగియగానే ట్యాంకు ఖాళీ చేసి, పెట్రోలు కాక్ మూసి, గిన్నెలో మిగిలినది అయిపోయి ఇంజన్ తనంతట ఆగేవరకు నడపాలి. ఐదు నిమిషాల పని.

దీనిని మనం ఎక్కడ నేర్పుతున్నాము? ప్రదర్శన దినాన యంత్రాన్ని సాలులో నడిపి చూపుతాము, ఫొటో తీసుకుంటాము, రాయితీ వివరాలు చెబుతాము. నిల్వ ఉంచే పద్ధతి, విప్పి శుభ్రపరిచే పద్ధతి ఆ కార్యక్రమంలో కానరావు. ‘ఇది మెకానిక్ పని’ అనే సహశాస్త్రవేత్తలున్నారు. మట్టి నమూనా తీయడం కూడా ఒకప్పుడు మన పని కాదనే అనుకొని ఉంటారు! గ్రామీణ పని అనుభవానికి వెళ్లే ప్రతి విద్యార్థి కనీసం ఒక కార్బురేటర్‌ను రైతు ఎదుటే విప్పి తిరిగి బిగించాలని, దానికి మార్కులు ఉండాలని నా ప్రతిపాదన. కృషి విజ్ఞాన కేంద్రాలు మే నెలలోనే ఇటువంటి శిబిరాలు పెడితే జూన్ వానకు యంత్రాలు సిద్ధంగా ఉంటాయి.

ఆ రైతుకు కొత్త జెట్టు దొరికేసరికి పదకొండు రోజులు గడిచాయి. అప్పటికే పత్తిలో కలుపు మొక్కలను మించింది. కూలీలను పెట్టి తీయించాడు.