ఏళ్ల తరబడి హెర్పిస్ గోళీ.. కిడ్నీలకు ముప్పా?

“సార్, ఈ గోళీ ఇంకెన్నేళ్లు మింగాలె? కిడ్నీలు ఖరాబైతయంటున్నరు..”

ఓపీలో జనం పలచబడ్డాక గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి.. మూడు జిల్లాల వాళ్ల నుంచీ విన్నాను. జననాంగాల దగ్గర మళ్లీ మళ్లీ నీటిపొక్కులు వచ్చే హెర్పిస్‌కు ముందుజాగ్రత్తగా రోజూ మాత్ర వాడేవారి భయమిది. (నడుం చుట్టూ వచ్చే సర్పి వేరు. దాని మాట ఇక్కడ కాదు.)

సూటిగా చెబుతాను. మీరు భయపడాల్సింది ఈ మందుకు కాదు, డాక్టర్‌కు చూపించకుండా వాడటానికి. ఎసైక్లోవిర్ 1980ల నుంచి వాడుకలో ఉంది. వరుసగా ఆరేళ్లు రోజూ వాడినవారిలోనూ సురక్షితమని తేలింది. వైరస్ ఉన్న కణాల్లోనే ఇది చురుగ్గా మారుతుంది, మిగతా కణాల జోలికి పెద్దగా పోదు. రోగనిరోధక శక్తి బాగున్నవారిలో మందుకు వైరస్ లొంగకపోవడమూ అరుదే.

మరి కిడ్నీల భయం ఉత్తదేనా? కాదు. ఈ మందు ఒంట్లోంచి బయటికి పోయేది మూత్రం ద్వారానే. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో అది పేరుకుపోయి మగత, తికమక రావచ్చు. ఆరోగ్యవంతులకు తరచూ రక్తపరీక్షలు అక్కర్లేదంటాయి మార్గదర్శకాలు. నేను మాత్రం మొదలుపెట్టే ముందు ఒకసారి క్రియాటినిన్ చేయిస్తాను. షుగర్, బీపీ ఉన్న సంగతే తెలియనివాళ్లు మన దగ్గర ఎందరో! పత్తిచేలో ఎండకు, బొగ్గుగనిలో ఉక్కపోతకు చెమటోడ్చి, రాత్రికి ఒళ్లునొప్పుల గోళీ వేసుకుని పడుకునేవారూ ఎక్కువే. నన్నడిగితే కిడ్నీలకు అసలు కీడు ఆ నొప్పుల గోళీలతోనే.

ఈ మాత్ర జీవితాంతం వాడాలనీ లేదు. ఏళ్లు గడిచేకొద్దీ పొక్కులు రావడం తగ్గుతుంది కాబట్టి ఏడాదికోసారి డాక్టర్‌తో మాట్లాడి, అవసరమో కాదో తేల్చుకోండి. వాలసైక్లోవిర్ రోజూ వాడితే భాగస్వామికి అంటుకునే ముప్పు సుమారు సగం తగ్గుతుంది. పూర్తిగా పోదు, కండోమ్ వాడాల్సిందే. గర్భం వస్తే దాచకుండా చెప్పండి.

ఊళ్లో తెలిస్తే పరువు పోతుందని ఒకాయన హనుమకొండ వెళ్లి, చీటీ లేకుండా వాలసైక్లోవిర్ కొనుక్కునేవాడు. మూడేళ్లు ఏ డాక్టర్‌కూ చూపించుకోలేదు. పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 2.8. షుగర్ ఉందని ఆయనకు ఆ రోజే తెలిసింది. మోతాదు సగానికి తగ్గించాం. నొప్పుల గోళీలు మాన్పించాం. హెర్పిస్ మందు మాత్రం ఆపలేదు.